పురుగు వేషానికి పోటీ

మా నర్సింగ్ కాలేజీ పిల్లలు గ్రూపు ప్రాజెక్టుగా మందులకు లొంగని టీబీ మీద చిన్న నాటిక తయారు చేశారు. శనివారం వడమాలపేటలో వేయాలి. ఈ సాయంత్రం తిరుపతిలో, మా కాలేజీ వరండాలోనే రిహార్సల్ పెట్టుకున్నాం. కథ సులువే. దగ్గు తగ్గగానే రోగి మాత్రలు మానేస్తాడు. ఒంట్లో మిగిలిన టీబీ పురుగు మొండికేసి, "మీ మాత్రలు నాకు బొరుగులతో సమానం" అని నవ్వుతుంది. డాక్టరు మందులు మార్చి, నెలల తరబడి ఒక్కరోజూ మానకుండా మింగిస్తే అప్పుడు చస్తుంది.

పురుగు వేషానికి అందరూ చేతులెత్తారు. రోగి వేషానికి ఒక్కరూ ఎత్తలేదు. నాటిక రాసిన హరితనే వేయమన్నాను.

"నాకొద్దు మేడం. ఫోటో మా ఊరి గ్రూపులో పడిందంటే నాకు నిజంగానే టీబీ ఉండాదనుకుంటారు."

"మరి 'ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, దాచుకోవద్దు' అని ఆఖర్న రాసింది నువ్వే కదా?"

"నేనే మేడం. అది డైలాగు గదా!"

అందరితోపాటు నేనూ నవ్వాను. అంతలో హరిత, "అయితే మీరే వేయండి మేడం" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సరేనన్నాను. కాకపోతే ఆ రోజు ఎవరూ ఫోన్లు బయటికి తీయకూడదని షరతు పెట్టాను. చప్పట్లు ఆగిపోయాయి. "అయితే మీకూ అది డైలాగే గదా మేడం!" అంటూ హరిత నన్ను ఆ వేషం నుంచి తప్పించింది.

ఫోటో తీసినా పర్వాలేదు అనేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే కామెంట్లో పేరు పెట్టండి. రోగి వేషం ఇంకా ఖాళీగానే ఉంది. పురుగు వేషాలు మాత్రం అయిపోయాయి.