చూడకుండా తెచ్చిన మైకు తీగ

మొన్న జనగామలో బంధువుల పెళ్లికి వెళితే, మైకులు సరిచేసే ఆయన ఒక తీగ కొసనున్న ప్లగ్గు విప్పి విసుక్కుంటున్నాడు. ఏమైందని అడిగాను. "ఒక్కో కంపెనీ ఒక్కో తీరు కలుపుతది తాతా. పైకి అన్నీ ఒక్కతీరే, లోపల తీగలు ఉల్టా," అన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

దొరలకు ఎదురుతిరిగిన రైతుల సంఘం ఊరూరా గట్టిపడుతున్న ఆ రోజుల్లో, కిరాణా దుకాణదారుల ఇంట పుట్టి ఇరవై దాటిన నేను, మైకు సెట్టు కిరాయికిచ్చే పని పెట్టుకున్నాను. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, బండి మీద బ్యాటరీ, చెట్టుకు కట్టిన లౌడుస్పీకరు కొమ్ము. బేరంలో నన్ను మించినవాడు లేడని జనగామంతా అనుకుంటోందని నా నమ్మకం; అన్నది మాత్రం నేనొక్కడినే. మైకు తీగ పాడైతే సికింద్రాబాదు వెళ్లి, యుద్ధం మిగిల్చిన పాత సామాను అమ్మేచోట ఒకటి పట్టాను. మూడు కాళ్ల ప్లగ్గు, అచ్చం మాదానిలాగే ఉంది.

"బ్యాటరీకి కలిపి సూపిస్త, జర ఆగు," అన్నాడు దుకాణదారు.

"గా తక్లీఫ్ నీకెందుకు భాయ్? సూపియ్యకు, ధర తగ్గియ్యి."

తగ్గించాడు. దారిపొడుగునా మీసం దువ్వుకుంటూ వచ్చాను.

దేవరుప్పుల దగ్గర మా అక్క అత్తగారి ఊళ్లో సభ. ఏర్పాట్లు బావవి, మైకు నాది. సంఘంవాళ్లను వేటాడే తుపాకుల లారీలు వస్తే మైకులో ఒక్క కేక వేయాలని, అది విని వాగు అవతలి మడుల్లో ఉన్నవాళ్లు గుట్టెక్కాలని ముందే అనుకున్నారు. ప్లగ్గు చక్కగా కూర్చుంది కదా అని అక్కడా నేను పరీక్షించలేదు. మిట్టమధ్యాహ్నం బాట మీద దుమ్ము లేచింది. బావ మైకు అందుకుని అరిచాడు. కొమ్ములోంచి గుయ్యిమన్న మోత తప్ప మాట రాలేదు. ప్లగ్గులో మాట మోయవలసిన కాలికి ఆ తీగ చేసినవాళ్లు నేల తీగను, అంటే ఎర్తును, కలిపారని తరవాత విప్పి చూస్తే తెలిసింది.

"ఏంది బామ్మర్దీ, నీ సామాను మూగదా?" అంత ఆపదలోనూ నవ్వాడు బావ. "నువ్వు సభకొచ్చినోళ్లను తోల్కపో, నేనురికి మడులల్ల చెప్పొస్త."

చెప్పాడు. మడుల్లోని వాళ్లందరూ గుట్ట చేరారు. బావను మాత్రం వాగు ఇసుకలోనే కాల్చేశారు.

బ్యాటరీ అయిపోయిందని అక్కకు చెప్పాను. "అయితే నువ్వేం జేస్తవ్ తమ్మీ," అని తిరిగి నన్నే ఓదార్చింది.

ఇప్పుడు పొలం గట్టున నిలబడ్డ మనిషి జేబులోంచి ఫోను తీస్తే చాలు, ఊరంతటికీ కబురు అందుతుంది, అరవనక్కరలేదు, ఉరకనక్కరలేదు. అక్క ముసలిదై, నా ఇంట్లోనే కన్నుమూసింది. అన్నేళ్లు ఒకే అరుగు మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆనాడు బ్యాటరీ నిండుగానే ఉందని ఒక్కరోజైనా ఆమెకు చెప్పలేకపోయాను.