రెండు తలల వైరు

మా వీధి లైన్‌మన్ గారు పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. తుఫాను వెలిసిన మూడో రోజు పొద్దున, మా ఇంటి ముందు స్తంభం మీద తెగిన తీగ కలుపుతూ షాకు కొట్టి పడిపోయారు. భీమవరం ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. సంతాప సభలో నన్నూ నాలుగు మాటలు చెప్పమన్నారు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నాది పిండి రుబ్బే గ్రైండరు. వీధి ఆడవాళ్ళు నానబోసిన పప్పు గిన్నెలతో తెస్తే రుబ్బి ఇస్తాను. కరెంటు కోతలు పడలేక ఆరేళ్ళ క్రితం చిన్న పెట్రోలు జనరేటరు కొన్నాను. ఆ రోజే ఆయన వచ్చారు, పిలవకుండానే. ఎవరింట్లో జనరేటరు చప్పుడు వినపడినా సైకిలు దిగి లోపలికొచ్చి చూసేవారు. వీధిలో చాలామంది అది చాదస్తమనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను, దాచడం దేనికి!

ఆ రోజు వాన పడుతోందని జనరేటరు వంటింటి వసారాలో పెట్టాను. ఆయన దాన్ని ఆపి, కిటికీలకు దూరంగా పెరట్లోకి లాగి, పైన ఎత్తుగా రేకు నిలబెట్టారు.

"దీని పొగ ఇంట్లోకొస్తే తెలీదండి అక్కగారూ. నిద్రొచ్చినట్టే ఉంటది. ఇంక లేవరు."

తరవాత గోడ దగ్గర ఆగిపోయారు. కొట్టులో ఇచ్చిన వైరు అక్కడ వేలాడుతోంది. రెండు చివర్లా ప్లగ్గులే. ఒకటి జనరేటరుకి, రెండోది గోడ సాకెట్టుకి పెడితే ఇల్లంతా కరెంటు వస్తుంది.

"ఇదెవరిచ్చారండి?"

"కొట్టువాళ్ళే. సులువుగా ఉంటుందన్నారు."

"సులువేనండి. ఇంట్లో మీ లైట్లు వెలుగుతాయి, స్తంభం మీద నేను వెలుగుతాను."

ఆయన నవ్వలేదు. ఆ కరెంటు మీటరు దాటి వీధి తీగల్లోకి ఎదురెక్కుతుందని, లైను ఆపేశాం కదా అన్న ధైర్యంతో తీగ పట్టుకున్నవాణ్ణి చంపుతుందని చెప్పారు. దేనికి దానికి జనరేటరు నుంచే మందపాటి వైరు లాగించారు. ముందు ఫ్రిజ్జు, అది కుదురుకున్నాక గ్రైండరు. రెండూ ఒక్కసారి వెయ్యొద్దన్నారు. పెట్రోలు పోయాలంటే ఇంజను ఆపి చల్లారనివ్వాలి. ఎంతసేపని అడిగితే, "నాకు టీ ఇచ్చి, నేను తాగేదాకా ఆగండి" అన్నారు. టీ ఆయనంత నెమ్మదిగా తాగే మనిషిని నేను చూడలేదు. ఆ తరవాత ఆయన ఉన్నా లేకపోయినా, జనరేటరు ఆపితే టీ పెట్టుకుని కూర్చోవడం నాకు అలవాటైంది.

ఆ రోజే కటింగ్ ప్లేయరు తీసి వైరు కత్తిరించబోయారు. నేనే ఆపాను. మంచి రాగి వైరు, పాడు చెయ్యడానికి చేతులు రాలేదు.

"ఒక పక్క ప్లగ్గు నేను తీయించేస్తాలెండి."

"మాటేనాండి?"

"మాటే."

దాన్ని అటక మీద పెట్టాను. అడిగినప్పుడల్లా తీయించేశానని చెప్పాను. ఆయన నమ్మారు.

మొన్న తుఫానుకి కరెంటు పోయింది. అది వెలిసిన రెండో రోజు పక్కింటబ్బాయి రొయ్యల చెరువు గట్టు మీది జనరేటరు ఇంటికి తెచ్చుకున్నాడు, మోటారు వేసి ట్యాంకు నింపుకోవడానికి.

"పిన్నిగారండీ, రెండు పక్కలా ప్లగ్గులున్న వైరు మీ దగ్గరుండాలి కదండీ?"

స్టూలెక్కి నా చేత్తోనే తీసిచ్చాను. "మెయిన్ స్విచ్చి దించి వాడు బాబూ" అన్నాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. నేను ఆరేళ్ళ క్రితం అన్నట్టే అన్నాడు.

మర్నాడు పొద్దున లైన్‌మన్ గారు వచ్చారు. తెగిన తీగకి ఇవతల ఉన్నవి మా రెండిళ్ళే. "జనరేటర్లు ఆపండమ్మా!" అని అలవాటుగా కేకేశారు. నాది ఆపేశాను.

"పక్కింట్లో చప్పుడు లేదు కదండీ?" అని నన్నడిగారు.

"లేదండి" అన్నాను. అది నిజమే. కానీ ఆ ఇంట్లో ఏ వైరుందో నాకు తెలుసు. చెబితే ఆరేళ్ళ అబద్ధం బయటపడుతుంది. సిగ్గేసింది. టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయాను.

టీ పొంగుతుండగా పక్కింటి జనరేటరు మోగింది. ఆపమని అరుస్తూ పరుగెత్తాను. అప్పటికే ఆయన కింద పడి ఉన్నారు.

ఎదురు కరెంటు నేలలోకి పోయేలా లైను ఎర్తు చెయ్యకుండా ఎక్కాడు, తప్పు అతనిదేనని ఆఫీసువాళ్ళు తేల్చేశారు. వీధి కూడా హాయిగా ఆ మాటే పట్టుకుంది. పక్కింటబ్బాయి పాడె మోశాడు. మర్నాడు వైరు తుడిచి, చుట్ట చుట్టి, గుడ్డపీలికతో కట్టి మా అరుగు మీద పెట్టి వెళ్ళాడు. నేను దాన్ని తీసి లోపల పెట్టాను. ఆయనకి ఇరవయ్యేళ్ళు టీలు పోసిన వీధి మాది. ఆయన ప్రాణానికి ఒక్క మాట ఖర్చు పెట్టలేకపోయాం. అందరికంటే ముందు నేను.

రేపు ఆ వైరు పట్టుకుని ఆయన భార్య దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ ఏమన్నా పడతాను.

ఇందాక కరెంటు పోయింది. పెట్రోలు పొయ్యాలని జనరేటరు ఆపి, టీ పెట్టి, చూసుకోకుండా ఆయన ఎప్పుడూ తాగే గ్లాసులో పోశాను. ఇంజను ఎప్పుడో చల్లారిపోయింది. ఆడవాళ్ళు పప్పు గిన్నెలతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేనింకా ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగుతూనే ఉన్నాను.