వేసవి చివర ట్రౌట్ వేట

ఆ ఏడు కెనడాలోని కిచెనర్‌లో ఏ వీధి చూసినా స్టూడెంట్లే. పార్ట్‌టైమ్ పనికి ఎక్కడికి వెళ్లినా మా క్లాసు సగం అప్పటికే వరుసలో నిలబడి ఉండేది. ఆగస్టులో ఒకరోజు, ఆ తిరుగుడుకి విసిగి నేనూ నా రూమ్మేటూ గుమ్మంలో కూర్చుంటే, పై వాటాలో ఉండే మా ఇంటి ఓనరు ఆంటీ చూశారు. ఆవిడ కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ప్రొఫెసరు.

"ఆ మొహాలేంటర్రా? రేపు పొద్దున్నే లేవండి, ట్రౌట్ చేపలు పట్టడానికి వెళ్దాం" అన్నారు. అప్పటికప్పుడు మాకు అందుకు కావాల్సిన లైసెన్సులు కూడా తీయించారు.

తెల్లారేసరికి నది ఒడ్డున ఉన్నాం. ఎప్పుడూ చీరలో కనిపించే ఆంటీ, ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంటు వేసుకుని కారు దిగేసరికి మాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వేశారు. నదిలో నీళ్లు బాగా తగ్గి, అడుగున రాళ్లు కనబడుతున్నాయి. ఆంటీ గాలం బయటికి తీయకుండా, దారం కట్టిన థర్మామీటర్ నీళ్లలో ముంచి చూసి పెదవి విరిచారు.

"వేడెక్కిపోయాయమ్మా. ఈ నీళ్లలో చేపను పడితే, మనం వదిలేసినా అలసటకే చచ్చిపోతుంది."

"వదిలేసుడేంది ఆంటీ? నేను పులుసుకు చింతపండు నానబెట్టొచ్చిన!" అంది వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్.

"ఇక్కడ పట్టినదాన్ని వదలాల్సిందే. రూలు" అన్నారు ఆంటీ నవ్వుతూ.

ఒడ్డు వెంట చాలా దూరం నడిచి, ఊటనీళ్లతో పారే ఒక వాగు చేరాం. కాలు పెడితే జివ్వుమంది. థర్మామీటర్ చూసి ఆంటీ ముఖం విప్పారింది. ఎండెక్కి గడ్డిలో మిడతలు ఎగురుతున్నాయి. వేసవి చివర ట్రౌట్‌కి అవే విందట. ఈకలతో కట్టిన దొంగ మిడతను ఆవిడ నా గాలానికి తగిలించారు.

మొదటిసారి విసిరితే చెట్టుకొమ్మకి తగులుకుంది. రెండోసారి నా రూమ్మేట్ టోపీకి. ఆ తర్వాత ఎప్పుడో, ఒడ్డు నీడలో మెత్తగా వాలింది. నీళ్లు భళ్లుమన్నాయి.

"కర్ర పైకెత్తు! దారం వదలకు!" అని ఆంటీ అరుపు.

ఎర్రచుక్కల బంగారురంగు చేప! చేతులు తడుపుకుని, నీళ్లలోనే పట్టుకుని గాలపు ముల్లు తీశాను. అరచేతిలో ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, తోక విదిల్చి మాయమైంది. నేను చిన్నపిల్లలా గెంతాను. రూమ్మేట్ కూడా గెంతుతూ తీసిన వీడియోలో ఆకాశం, మా కేకలు తప్ప ఇంకేమీ లేవు.

సెప్టెంబరులో నీళ్లు చల్లబడ్డాక మళ్లీ వెళ్లి, ఈసారి పెద్ద నదిలోనే దిగాం. నా రూమ్మేట్ నాకంటే పెద్ద చేపను పట్టింది. ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాట ఇప్పటికీ గుర్తుచేస్తుంది.