నాలుగున్నర నుంచి అజాన్ దాకా

ప్రభువునందు ప్రియులైన సహోదరీ సహోదరులారా! నేను హుస్సేనీ ఆలంలోని ఒక బడిలో డ్రిల్లు మాస్టరును. విజిల్ ఊదడం తప్ప ఉపన్యాసం నాకు చేతకాదు, అయినా మన పత్రిక పెద్దలు రాయమన్నారు గనుక, పొందిన మేలును దాచుకోవడం తప్పు గనుక రాస్తున్నాను. చిన్ననాటి నుంచీ ప్రతిదానికీ ఎందుకు, ఎట్లా అని అడిగే గుణం నాది, మా నాయన ఎన్ని మొట్టికాయలు వేసినా అది పోలేదు. కాబట్టి దేవుడు నన్ను విడిపించాడు అని చెప్పి ఊరుకోలేను, ఎట్లా విడిపించాడో తరచి చూడాలని నాకు ఇవాళటికీ ఆరాటమే!

నా చీకటి దినాలు గడియారం ప్రకారం నడిచేవి. నాలుగు గంటలకు బడి విడిచేవారు, నాలుగున్నరకల్లా నేను రెండు గల్లీల అవతల కల్లు దుకాణంలో ఉండేవాణ్ణి, వానైనా వడగాలైనా ఒక్కనాడు ఆలస్యం లేదు, ఆదివారం ఆరాధనకు మాత్రం రెండో కీర్తన అయ్యాకే వెళ్లేవాణ్ణి! తాగాక వాసన తెలియకుండా లవంగాలు నములుకుంటూ ఇల్లు చేరేవాణ్ణి. ఎవరిని మోసం చేశానో గానీ నా కూతుర్ని చేయలేకపోయాను, లవంగం వాసన తగిలితే చాలు ఆ పసిది మంచం కిందికి దూరేది. నా భార్య శాంతమ్మ చివరికి వంటలో లవంగం వేయడమే మానేసింది. మంచి శుక్రవారం నాడు కన్నీళ్లతో ఒట్టు పెట్టుకున్నాను, కొత్త సంవత్సరం నాడు పెట్టుకున్నాను, నా ఒట్లన్నీ మధ్యాహ్నం దాకా బాగానే ఉండేవి.

ఆ ఏడు దసరా సెలవులు కాగానే శాంతమ్మ ట్రంకుపెట్టె తీసి గుమ్మం పక్కన పెట్టింది. "క్రిస్మస్ దాక చూస్త. గంతే. తర్వాత పిల్లను తీస్కొని మెదక్‌ల మా అమ్మ తానికి పోత. కొట్లాడి పోత లేను, చెప్పి పోతున్న" అంది. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణేమో, ఆమె నెమ్మదిగా చెప్పింది, నాకు భయం వేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా గల్లీ వకీల్ సాబ్ నన్ను పిలిచాడు. ఆయన పాతకాలపు హిందూ కుటుంబం వాడు, మా వార్డుకు కార్పొరేటరు, ఎక్కడ సభ జరిగినా ఒకటే మాట, బడి విడిచాక కూడా బడి తలుపులు తెరిచి ఉంచాలి, పిల్లలకు ఆటలు, చదువు, చేతిపని నేర్పాలి అని! జనం నవ్వేవారు, ఈయనకు పిచ్చి అనేవారు.

"చూడు మాస్టర్, పొద్దంత పోరగాండ్లకు బడి ఉంటది, రాత్రి అమ్మ ఉంటది. నడుమ గంటలకు ఎవ్వరున్నరు? కోర్టు కచేరీల నా ముంగట నిలవడ్డ పిలగాండ్లను అడుగుత, యాడ చెడ్డవ్ బిడ్డా అని. అందరు గా నడుమ గంటలల్లనే చెడ్డరు. గా గంటలు నువ్వు సూసుకో."

నా గుణం ఊరుకోదు కదా, నన్నే ఎందుకు అడుగుతున్నారు అన్నాను.

"రోజు కిటికీల కెళ్లి సూస్త. నాలుగు దాటంగనే గీ గల్లీల ఉరికినట్టు పోతవ్. వానొచ్చినా ఆగవ్. గింత వేళ తప్పని మనిషి నాకు ఇంకొకడు కనపడలే" అన్నాడు.

సహోదరులారా, ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు! నేను ఎక్కడికి ఉరుకుతున్నానో ఆ పెద్దమనిషికి తెలియదు. నిజం చెప్పే ధైర్యం లేక సరేనన్నాను, నలభై మంది పిల్లలూ, బడి పెద్ద దర్వాజా తాళంచెవీ నా చేతికి వచ్చాయి. పొద్దుగూకాక మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ వినబడగానే తల్లులు వచ్చి పిల్లల్ని తీసుకుపోవాలి, అదీ ఏర్పాటు.

ఒక వారం గడిచింది. రెండో వారంలో ఒక మంగళవారం నాడు నాలుక పిడచకట్టింది, ఇక నిలవలేకపోయాను. పిల్లల్ని ఖోఖోకు దింపి, రోడ్డు మీదికి పోకుండా బయటి నుంచి తాళం వేసి, పావుగంటలో వస్తాను కదా అనుకుని వెళ్లాను. నా తెలివి చూడండి! ఒక ముంత అయింది, రెండోది చేతిలో ఉంది, అప్పుడు మసీదు నుంచి అజాన్ వినిపించింది. అది నా ప్రార్థన వేళ కాదు, నన్ను పిలిచిన పిలుపూ కాదు, అయినా ఆ సాయంత్రం అది నా గుండెకే తగిలింది, ముంత అక్కడే పడేసి పరుగెత్తాను. లవంగం నోట్లో వేసుకునే వ్యవధి కూడా లేదు.

దర్వాజా ముందు తల్లులంతా ఉన్నారు, లోపల చిన్నవాళ్లు ఏడుస్తున్నారు, వకీల్ సాబ్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఆ తల్లుల్లో ఒకామె, దుకాణం వాళ్లకు గాజుల మీద రాళ్లు అతికి ఇచ్చే నర్సమ్మ, నా మీదికి వచ్చింది. "ఏంది మాస్టర్, కోళ్లను గంప కింద కమ్మినట్టు కమ్మి పోయినవా? నిప్పంటుకుంటే ఏం గావాలె మా పోరగాండ్లు?"

తాళం తీశాను. పిల్లలు తల్లుల్ని కరుచుకున్నారు. అక్కడే అందరి ముందూ చెప్పేశాను, నేను తాగుబోతును, రోజూ ఈ గల్లీలో ఉరికేది దాని కోసమే అని. వకీల్ సాబ్ చెయ్యి చాపితే తాళంచెవి అందులో పెట్టాను, నా పని అయిపోయింది అనుకున్నాను. ఆయన దాన్ని నర్సమ్మకు ఇచ్చాడు.

"రేపటి సంది నీ గాజులపని గీ అరుగు మీద పెట్టుకో. పోరగాండ్లతోని మాస్టర్‌ను గూడ లోపలేసి తాళం పెట్టు. అజాన్ అయినంకనే తియ్యి. ఏమన్న అయితె నువ్వు బయటనే ఉంటవ్."

ఆ అవమానాన్ని ఏమని చెప్పను! డ్రిల్లు మాస్టరుకు కాపలా! మొదటి రోజుల్లో దర్వాజాకు నుదురు ఆనించి నిలబడేవాణ్ణి. "ప్రభువా, ఈ దాహాన్ని తీసేయమని అడిగే ముఖం నాకు లేదు, అజాన్ దాకా మాత్రం నన్ను నిలబెట్టు" అని ప్రార్థించేవాణ్ణి, ఇంతకంటే పెద్ద ప్రార్థన నాకు రాలేదు. వెనక నుంచి ఎవడో ఒకడు చొక్కా లాగేవాడు, సార్ నన్ను అవుట్ అన్నరు, నేను అవుట్ కాలే అని! ఆ తగవు తీర్చేసరికి పది నిమిషాలు, ఇంకో తగవుకు ఇంకో పది. అజాన్ అయ్యి తాళం తీసేసరికి కల్లు దుకాణం మూసే వేళ అయ్యేది, అట్లా దినాలు గడిచాయి.

క్రిస్మస్‌కు వారం ముందు వకీల్ సాబ్ ఒక అసెంబ్లీ మెంబరు అమ్మగారిని తీసుకొచ్చాడు, ఇట్లాంటివి ప్రతి పేటలో పెట్టాలని ఆమె కూడా పోరాడుతోందట. తల్లులంతా వచ్చారు, శాంతమ్మ కూడా వచ్చి వెనక నిలబడింది. నేను పిల్లలతో దర్వాజా ఊచల వెనకే ఉన్నాను, అమ్మగారు బయట వేలాడుతున్న తాళం చూసి, ఇదేమిటి, పిల్లలు పారిపోతారనా అని అడిగారు. దాచకుండా చెప్పాను, "కాదమ్మా, ఆ తాళం నా కోసం."

అప్పుడు నర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గా తాళం ఉత్తగ ఏలాడదీస్తున్న మాస్టర్! పదిహేను దినాల సంది ఏస్తనే లేను. నువ్వు ఒక్కపారి గూడ నూకి సూడలే."

నేను వెళ్లి తోశాను. తలుపు తెరుచుకుంది! పదిహేను సాయంత్రాలు తెరిచే ఉంది, నాకు తెలియలేదు! ఏ రోజున ఆ దాహం నన్ను విడిచిందో ఎంత లెక్కపెట్టుకున్నా నాకు దొరకడం లేదు. నేను ఆటల తగవులు తీరుస్తుంటే నా దేవుడు చప్పుడు చేయకుండా నా సంకెళ్లు తీసేశాడు, ఆయన నామానికే మహిమ!

ఇంకొకటి ఆ ఆదివారమే తెలిసింది. మా సంఘంలో స్త్రీల కూటంలో ప్రార్థన మనవులు చీటీల మీద రాసి వేస్తారు, ప్రార్థన ఫలిస్తే కూటం పెద్దమ్మ ఆ చీటీని తిరిగి ఇస్తుంది, అది మా వాడుక. శాంతమ్మ తన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో తాగుడు అనే మాట లేదు. "నా భర్త సాయంకాలాలను ప్రభువు తీసుకోవాలి, నాలుగున్నర నుంచి" అని మాత్రమే ఉంది. ఎందుకు ఇట్లా రాశావు అని అడిగాను. "నీ పరువు తియ్యబుద్ధి గాలే. గా గంటలే మనకు లేకుంట పోయినయి, అవే అడిగిన" అంది.

అడిగింది అడిగినట్టే తీసుకున్నాడు సహోదరులారా! తాళంచెవి పట్టుకున్న వకీలు, కాపలా కూర్చున్న నర్సమ్మ, అజాన్ పిలిచిన ఆ గొంతు, ఎవరెవరి చేత ఆయన పని చేయించుకున్నాడో తలచుకుంటే నాకు ఆశ్చర్యం తీరదు. మీ దినంలో మిమ్మల్ని లాక్కుపోయే గంట ఒకటి ఉంటే దాన్ని దాచుకోకండి, పేరు పెట్టి ఆయనకు అప్పగించండి, ఎట్లా తీసుకుంటాడో ఆయన ఇష్టం.

క్రిస్మస్ నాడు శాంతమ్మ ట్రంకుపెట్టె లోపల పెట్టి, పొయ్యి మీద పులావు వండింది. ఇల్లంతా లవంగం వాసన వచ్చింది. నా కూతురు మంచం కిందికి పోలేదు, పళ్లెం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.