రామతులసి ఊహించిన అమెరికా బొమ్మలకథ

నిడదవోలు రైల్వేస్టేషన్ వెనకవీధిలో రామతులసి టీవీ గేముల షాపంటే తెలియని పిల్లలు లేరు. షాపంటే షాపేం కాదు, ఇంటి ముందుగదే. రెండు టీవీలు, రెండు గేము డబ్బాలు, వైర్లకి నల్ల టేపు చుట్టిన నాలుగు జాయ్‌స్టిక్కులు, కిందొక పెద్ద చాప. భర్త లోవరాజు జంక్షన్‌లో పాయింట్స్‌మన్. డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మం నిండా చిన్నచిన్న చెప్పులు, లోపల కాలు పెట్టే చోటుండేది కాదు.

“ఏమే, మనింట్లోకి మనం రావడానిక్కూడా టిక్కెట్టు తీసుకోవాలా?” అనేవాడు.

“మీకు పెరటిగుమ్మం ఫ్రీ అండీ,” అనేది రామతులసి, జాయ్‌స్టిక్కు మరలు బిగిస్తూ తలెత్తకుండానే.

ఆవిడకి ముప్పైమూడేళ్ళు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. “టైమైపోయింది, లేవండి!” అని ఓ కేక వేసిందంటే, ప్లాట్‌ఫారం మీద కూర్చున్న ప్రయాణికులు కూడా లేచి రైలు కోసం చూసేవారు. ఆ గొంతు ఊరికే రాలేదు. పన్నెండో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా వాళ్ళ పెద్దమ్మ చిట్టెమ్మ బుర్రకథ దళంలో హాస్యవంతగా చేసింది. మధ్యలో తంబురా పట్టుకుని చిట్టెమ్మ కథ నడిపిస్తుంటే, పక్కన డక్కీ కొడుతూ మధ్యమధ్య అడ్డుపుల్లలు వేసి జనాన్ని నవ్వించడం రామతులసి పని. కోరుకొండ తీర్థంలో ఒకసారి ధైర్యం చేసి, “పెద్దమ్మా, ఈ పూట కథ నేను చెబుతానే,” అంది. చిట్టెమ్మ కోప్పడలేదు. “నువ్వు నవ్విస్తావే తల్లీ, నిలబెట్టలేవు. కథ నిలబెట్టడానికి వేరే ఊపిరి కావాలి,” అని తంబురా భుజానికెత్తుకుంది. తరవాత వీడియోలొచ్చాయి, బుర్రకథకి పిలిచేవాళ్ళు తగ్గారు, దళం విడిపోయింది. రామతులసి నిడదవోలు కాపరానికొచ్చింది.

షాపులో పిల్లలు ఎగబడేది గొడుగు గేము కోసం. జపానువాళ్ళు చేసిన గేము అది. క్యాసెట్టు పెట్టగానే మబ్బుకి వేలాడుతున్న పెద్ద గంట ఒకటి కనిపిస్తుంది. ఇంతలో కత్తెరల్లాంటి రెండు ఎర్రటి డెక్కలొచ్చి ఆ గంటని పట్టుకుపోతాయి. అవి పీతరాజు డెక్కలు. ఇక ఎర్ర గొడుగు పట్టుకున్న బుడంకాయంత మనిషి బయల్దేరి, ఎగిరి, దూకి, గొడుగు విప్పుకుని మెల్లగా దిగుతూ ఏడు దీవులు దాటాలి. మధ్యలో ఏవేవో మాటలు పడతాయి గాని అన్నీ జపాను అక్షరాలు. ఆరో దీవి దాటిన పిల్లలు ఊళ్ళో ముగ్గురే. ఏడోది దాటినవాళ్ళు లేరు. అసలు పీతరాజు గంట ఎందుకు ఎత్తుకుపోయాడో, చివరికి ఏమవుతుందో ఎవరికీ తెలీదు.

తొంభై ఎనిమిది ఏప్రిల్‌లో రామతులసి క్యాసెట్ల కోసం కాకినాడ వెళ్ళినప్పుడు అక్కడి షాపాయన ఒక కబురు చెప్పాడు. “ఈ గేముని అమెరికావాళ్ళు కార్టూను తీస్తున్నారంటండి. టీవీలో వస్తదంట.” ఆవిడ ఇంటికొచ్చి ఆ మాట పిల్లలతో అంది. అంతే, ఆ రోజు నుంచి ఆవిడ ప్రాణం పీకేశారు. ఎప్పుడొస్తుంది, ఎలా ఉంటుంది, గొడుగువాడు ఇంగ్లీషు మాట్లాడతాడా?

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. టీవీలు రెండూ చల్లగా ఆరిపోయాయి. మామూలుగానైతే పిల్లలు ఇళ్ళకి పోవాలి. ఎండకి ఎవరూ కదల్లేదు. స్టేషన్ క్యాంటీన్ వంటాయన కూతురు హారతి, పదేళ్ళ పిల్ల, ఆరు దీవులు దాటిన ముగ్గురిలో ఒకతె, విసనకర్ర ఊపుకుంటూ అడిగింది.

“అత్తా, అమెరికావాళ్ళు తీస్తే మొదటి బొమ్మ ఏముంటుంది?”

“నాకేం తెలుసే? నేనేవన్నా అమెరికా వెళ్ళానా?”

“వెళ్ళకపోతే చెప్పకూడదా?”

రామతులసి కాసేపు ఆలోచించింది. కేబుల్లో వచ్చే అమెరికా బొమ్మలు ఆవిడా చూస్తూనే ఉంది. “చూడండర్రా. వాళ్ళ బొమ్మల్లో ఎవరూ చావరు. కొండ మీంచి పడ్డా దుమ్ము దులుపుకుని లేస్తారు. తరవాత, ఏదో ఒకటి ఢామ్మని పేలాలి. ఇంక పెద్దాళ్ళెవరూ కనబడరు, కనబడినా మోకాళ్ళదాకానే. అవునా?”

“అవును, అవును!” అన్నారు పిల్లలు.

“అయితే వినండి,” అంది. చాప మీద మఠం వేసుకుని కూర్చున్న మనిషి తనకే తెలియకుండా లేచి నిలబడింది. గొడుగువాడి ఊళ్ళో వాన పడక చెరువులు ఎండిపోయాయి. వాడి అమ్మ మోకాళ్ళు వచ్చి, “ఒరే నాయనా, గంట మోగితేనే గదా వాన,” అన్నాయి. గొడుగు పట్టుకుని వాడు బయల్దేరాడు. మొదటి దీవికి వెళ్ళాలంటే ఏరు దాటాలి. రేవులో పంటు ఉంది. దాన్ని నడిపేది టోపీ పెట్టుకున్న బాతు. ఒడ్డు చేరాక గొడుగువాడు టోపీబాతుకి దణ్ణం పెట్టి, “థాంక్యూ అండీ,” అన్నాడు.

“అమెరికావాళ్ళు కూడా అండీ అంటారా అత్తా?” అంది హారతి.

“గోదావరి దాటేటప్పుడు అంటారు,” అంది రామతులసి.

కరెంటు వచ్చింది. టీవీలు వెలిగాయి. అయినా ఒక్కళ్ళూ జాయ్‌స్టిక్కు ముట్టుకోలేదు. “తరవాత?” అన్నారు. కిటికీ బయట స్తంభానికి వేసిన నిచ్చెన మీంచి కూడా ఒక గొంతు, “తరవాతేంటండీ?” అంది. కేబుల్ అమ్మిరాజు. తెగిన వైరు కలపడానికి ఎక్కినవాడు, పని అయిపోయినా దిగకుండా వింటున్నాడు.

అమ్మిరాజుకి సొంత లోకల్ ఛానల్ ఉంది. అందులో పాత సినిమాలు, చీరల కొట్ల ప్రకటనలు, పెళ్ళి వీడియోలు తప్ప మరేమీ ఉండవు. మర్నాడు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

“రామతులసిగారూ, మీరు ఇదే కథ మా ఛానల్లో చెప్పాలండి. ఆదివారం సాయంత్రం అయిదింటికి. నా దగ్గర పెళ్ళిళ్ళ కెమెరా ఉంది.”

“కార్టూనంటే బొమ్మలు కదలాలి గదా రాజుగారూ.”

“బొమ్మలు గీయడానికి ఏసుపాదం ఉన్నాడండి. కదలడం సంగతి మీ నోరు చూసుకుంటుంది.”

ఏసుపాదం లారీల వెనక నెమళ్ళూ, చర్చి బ్యానర్లూ, కొట్ల బోర్డులూ రాసే కుర్రాడు. ఆదివారానికి ఇరవై చార్టులు గీసుకొచ్చాడు. అమెరికా ఎలా ఉంటుందో అతనికీ తెలీదు. ఇంట్లో క్యాలెండర్ మీద మంచు కప్పిన ఇళ్ళున్నాయని, కొబ్బరిచెట్ల మీద కూడా మంచు వేశాడు. పీతరాజుకి మెలి తిరిగిన మీసాలు పెట్టాడు.

“పీతకి మీసాలేంటి తమ్ముడూ?”

“రాజు కదక్కా. మీసాలు లేకపోతే ఎవరు భయపడతారు?”

ఒక్క విషయంలో రామతులసి పట్టు పట్టింది. ఇది అమెరికావాళ్ళు తీసింది కాదని ముందే చెప్పాలి. అమ్మిరాజుకి ఇష్టం లేదు గాని ఒప్పుకున్నాడు. ‘అమెరికావారు తీస్తే ఇలా ఉండవచ్చునని మన ఊరివారు ఊహించి చెప్పినది’ అని ఏసుపాదం మొదటి చార్టు మీద రాశాడు. ‘అమెరికావారు’ అనే మాట అందంగా, పెద్దగా వచ్చింది. మిగతాదంతా పట్టించేసరికి అక్షరాలు చీమలంతయ్యాయి. దాంతో ఊరు ఊరంతా అది అమెరికా కార్టూనే అనుకుంది.

కేబుల్ గదిలో ఒక మూల కెమెరా, ఎదురుగా చార్టుల స్టాండు, పక్కన రామతులసి. ఆవిడ కనబడదు, గొంతే వినబడుతుంది. ఒక్కత్తే బాతయ్యేది, కొంగయ్యేది, తుపానయ్యేది. పేలేచోట ఏసుపాదం డాల్డా డబ్బా మీద కర్రతో కొట్టేవాడు. మూడో ఆదివారానికి అయిదు కొట్టేసరికి స్టేషన్ వీధిలో మనుషులుండేవారు కాదు. క్యాంటీన్‌లో టీవీ ముందు దోసెలు మాడిపోయేవి. లెక్కల మాస్టారొకాయన పని గట్టుకుని షాపుకొచ్చాడు.

“అమెరికాలో పంటు ఎక్కడిదమ్మా?”

“లేదని మీరు వెళ్ళి చూశారాండీ?”

మాస్టారు ఆలోచనలో పడి, “అది కాదు గాని, వచ్చేవారం ఆ కొంగ తుపానులో బతుకుతుందా?” అని అడిగి వెళ్ళిపోయాడు.

ఏడు ఆదివారాలు ఏడు దీవులూ అయిపోయాయి. ఎనిమిదో ఆదివారం మిగిలింది. పీతరాజూ, గొడుగువాడూ ఎదురుపడాలి. అక్కడ రామతులసికి దారి మూసుకుపోయింది. గంట ఎందుకెత్తుకుపోయాడు వాడు? వారమంతా అన్నం వండుతూ అదే, నీళ్ళు తోడుతూ అదే. “వాడికి గంటల వ్యాపారం ఉందేమోనే,” అన్నాడు లోవరాజు. ఆవిడ నవ్వలేదు.

శనివారం తణుకు నుంచి చిట్టెమ్మ దిగింది. కబురు అక్కడిదాకా పాకింది. అరవై ఆరేళ్ళ మనిషి, వెన్ను మాత్రం వంగలేదు. కథ మొత్తం చెప్పించుకుని విని, “చివరికి ఎలా చంపుతావు?” అంది.

“అమెరికా బొమ్మల్లో ఎవరూ చావరు పెద్దమ్మా.”

“దుష్టుడు చావకపోతే జనం లేచి ఇంటికెలా వెళతారే?”

“వాళ్ళు ఇంట్లోనే కూర్చుని చూస్తారు గదా.”

చిట్టెమ్మకి నవ్వొచ్చింది గాని పైకి నవ్వలేదు. ఆదివారం తానూ కేబుల్ గదికి వచ్చి, గోడవారగా స్టూలు మీద కూర్చుంది.

కథ మొదలైంది. గొడుగువాడు పీతరాజు గుహలోకి వెళ్ళాడు. ఏసుపాదం మీసాల చార్టు పెట్టాడు. రామతులసి నోరు తెరిచింది. మాట రాలేదు. ఒక క్షణం, రెండు, మూడు. ఊళ్ళో నాలుగొందల టీవీల్లో మీసాల పీత కదలకుండా నిలబడి ఉంది. అమ్మిరాజు చేతులు ఊపుతున్నాడు. ఏసుపాదం భయంతో డబ్బా మీద ఒక దెబ్బ వేశాడు. ఢామ్మంది.

అప్పుడు గోడవార నుంచి ఒక ముసలి గొంతు, వంత అడిగే తీరులో, ఎటకారంగా సాగింది. “ఔనా అమ్మాయ్! ఇంత చప్పుడైతే మరి ఆ పీతరాజు ఏం చేశాడంటావ్?”

చిట్టెమ్మ! జీవితంలో ఎన్నడూ వంత పట్టని మనిషి.

రామతులసి చప్పున అటు తిరిగింది. “ఏం చేస్తాడు? మంచం కింద దూరాడు!” అంది.

“మీసాలవాడికి భయమా?”

“మీసాలకేం తెలుసు? వాడికి చిన్నప్పటి నుంచీ ఉరుమంటే భయం. గంట మోగితే వాన, వానొస్తే ఉరుము. అందుకే ఎత్తుకొచ్చి ఏడు దీవుల అవతల దాచాడు.”

ఇంక ఆగలేదు. మంచం కింద నుంచి పీతరాజు డెక్కలు రెండే కనబడుతున్నాయని చెప్పింది. గొడుగువాడు కత్తి తీయలేదు, వాడికి కత్తే లేదు. మంచం పక్కన చతికిలబడి, గొడుగు విప్పి, దాని కింద సగం చోటు వదిలాడు. “ఇలా రండి,” అన్నాడు. పీతరాజు ఒక్కో కాలే బయట పెడుతూ వచ్చాడు. పీతకి కాళ్ళెక్కువ గదా, చాలాసేపు పట్టింది. ఇద్దరూ ఒక్క గొడుగు కింద నడుచుకుంటూ వెళ్ళి గంట కొట్టారు. వాన పడింది. ఎవరూ చావలేదు. పేలింది ఉరుమొక్కటే.

కాసేపటికి బయట వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు, తరవాత ఇంకెవరో.

చిట్టెమ్మా, రామతులసీ రిక్షాలో తిరిగి వస్తున్నారు. గేటు దగ్గర గూడ్సు బండి పోతుంటే ఆగారు. “ఉరుము ముందు తొందరపడ్డావు. జనాన్ని ఇంకాస్త భయపడనివ్వాలి,” అంది చిట్టెమ్మ. మరి నాలుగు పెట్టెలు పోయాక, “మిగతాదంతా నిలబడింది,” అంది. రామతులసి గూడ్సు పెట్టెలు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అసలు అమెరికా కార్టూను రెండేళ్ళ తరవాత వచ్చింది. ముందుగదిలో చాప చాలక పిల్లలు గుమ్మం దాకా కూర్చున్నారు. అందులో గొడుగువాడు రైలింజనంత వేగంగా ఇంగ్లీషు మాట్లాడాడు. గొడుగు రాకెట్టయింది. పీతరాజుకి ఇనప సైన్యముంది, మీసాలు లేవు. వాడి వెనకాల ఎప్పుడూ నిద్రపోయే కుక్క ఒకటుంది. అరగంటకి అయిపోయింది.

పన్నెండేళ్ళ హారతి తీర్పు చెప్పినట్టుగా అంది. “అత్తా, వీళ్ళు తప్పు తీశారు.”

రామతులసి మాత్రం కడుపు పట్టుకుని నవ్వుతోంది. “కాదే, ఆ కుక్కని చూశావా? ఛ, కుక్కని పెట్టాలని నాకెందుకు తట్టలేదు!”

ఆ వారమే ఆవిడ ఆదివారం కథలోకి నిద్రపోయే గేదె ఒకటి ప్రవేశించింది. అప్పటికి గొడుగు కథ అయిపోయి పదో కథ నడుస్తోంది. ఈ కథలు ఏ దేశానివని అడగడం ఊళ్ళో ఎప్పుడో మానేశారు.

మరుసటి ఫిబ్రవరిలో జనాభా లెక్కలకి ఒక టీచరు వచ్చాడు. అరుగు మీద కూర్చుని ఒక్కో గడీ నింపుతూ, “మీ ఆవిడగారు ఏం చేస్తారండి?” అన్నాడు.

“టీవీ గేముల షాపండి,” అన్నాడు లోవరాజు.

“కథలు చెబుతానని రాయండి!” లోపల్నించి కేక వినబడింది. టీచరు పెన్ను జారి కిందపడింది.

“అలాంటి గడి లేదండి ఇందులో.”

రామతులసి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, కాగితం మీదకి వంగి, పైనుంచి కిందదాకా చూసింది.

“పక్కన ఖాళీ ఉందిగా మాస్టారూ. అక్కడ రాసెయ్యండి. కూర్చోండి, టీ తెస్తాను,” అని లోపలికెళ్ళింది.