రెండున్నర వేల అడుగుల దగ్గర

విమానంలోంచి పారాచూట్‌తో దూకడం నేర్పేవాణ్ణి నేను. గుడివాడలో పుట్టి, కొన్నాళ్ళు సైన్యంలో పనిచేసి, బయటికొచ్చాక ఉత్తరాదిలో ఒక స్కైడైవింగ్ సెంటర్లో శిక్షకుడిగా చేరాను. ఇప్పుడు అదీ మానేసి బందరులో ఉంటున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటిరోజే ఒక సంగతి చెప్పేవాణ్ణి. పారాచూట్ గొడుగు సరిగ్గా విచ్చుకోకపోతే సరిచేసుకోవడానికి ప్రయత్నించవచ్చు. కానీ మణికట్టుకి కట్టుకున్న మీటరు రెండున్నర వేల అడుగులు చూపించేసరికి ఆ ప్రయత్నం ఆపెయ్యాలి. కుడిపక్క ఎర్ర పిడి లాగితే పాడైన గొడుగు ఊడి వెళ్ళిపోతుంది. ఎడమపక్క పిడి లాగితే రెండో గొడుగు తెరుచుకుంటుంది. "ఇంకొక్కసారి చూద్దాం" అన్న ఆలోచనే మనిషిని చంపుతుంది అని చెప్పేవాణ్ణి. అలా చెప్పిన నేనే, ఒక మనిషి ఆ ఆలోచన చెయ్యడానికి కారణమయ్యాను.

అతనిది అవనిగడ్డ దగ్గర పల్లె. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. నా దగ్గరే నేర్చుకుని అక్కడే శిక్షకుడయ్యాడు. సెంటర్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. అతని భార్య నన్ను అన్నయ్యగారూ అనేది కాబట్టి అతను నాకు బావ అయ్యాడు. బావ అయ్యాక వేళాకోళానికి అడ్డేముంది?

ఒకరోజు అతని గొడుగు తాళ్ళు మెలిపడ్డాయి. అలాంటప్పుడు కాళ్ళతో గాలిని తన్నుతూ ఎదురు తిరిగి మెలి విప్పుకోవాలి. అతను కాసేపు తన్ని, మూడు వేల అడుగుల దగ్గరే ఎర్ర పిడి లాగేశాడు. రెండో గొడుగుతో చక్కగా దిగాడు. వదిలేసిన గొడుగు గాలికి ఎక్కడికో కొట్టుకుపోయింది. మధ్యాహ్నమంతా ఆవాల చేలల్లో ఇద్దరం వెతికాం.

"ఎందుకంత కంగారు బావా? నాలుగు తన్నులు తంతే విడిపోయేదిగా."

"మీరు చెప్పిందేగా బావగారూ చేశాను."

"నేను రెండున్నర అన్నాను. నువ్వు మూడుకే జడుసుకున్నావు."

"బతికున్నానుగా, ఎన్నయినా అనండి" అని నవ్వాడు.

తర్వాత సెలవుల్లో వాళ్ళమ్మగారు ఇంటిముందు షామియానా వేయించి కృతజ్ఞత కూడిక పెట్టారు. ఆపద తప్పినవాళ్ళ ఇంట్లో మావైపు చర్చి కుటుంబాలు చేసుకునేదే. నేనూ వెళ్ళాను. పాటలు, ప్రార్థన అయ్యాక పాస్టరుగారు అతన్ని సాక్ష్యం చెప్పమన్నారు. "సరైన టైముకి దేవుడు నా చెయ్యి ఆ పిడి మీద పెట్టాడు" అన్నాడు. వాళ్ళమ్మగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. గురువుగారు కూడా రెండు మాటలు చెప్పాలని పాస్టరుగారు మైకు నాకిచ్చారు.

"దేవుడి దయ కాదనను. కానీ ఆ గొడుగు బాగానే ఉందండి. మా బావ జడుసుకుని దాన్ని వదిలేశాడు. దానికోసం చేలల్లో తిరిగింది నేను. ఆ కృతజ్ఞత నాకు చెప్పాలి" అన్నాను.

అందరూ ఘొల్లున నవ్వారు. వెనక కుర్చీల్లోంచి వాళ్ళ చిన్నాన్న అందుకున్నాడు: "ఏరా, గొడుగు పారేసొచ్చినందుకా మాకు పలావు పెడుతున్నావ్?" భోజనాల దగ్గర ఇక ఆగలేదు. "జడుపు బాబుకి ఇంకో ముక్క వెయ్యండ్రా" అని వడ్డించేవాళ్ళూ మొదలుపెట్టారు. అతనూ నవ్వుతూనే తిన్నాడు.

చేతులు కడుక్కునే చోట మాత్రం నెమ్మదిగా అన్నాడు: "అక్కడ అనకుండా ఉండాల్సింది బావగారూ. మా అమ్మ ఎంతో ఆశపడి పెట్టుకున్న కూడిక."

"సరదాకి అన్నాలేవయ్యా" అన్నాను.

సరదాకి కాదు. అన్నేళ్ళు దూకినా నాకెప్పుడూ ఆ ఎర్ర పిడి లాగాల్సిన పరిస్థితి రాలేదు. ఆ షామియానా కింద అందరి కళ్ళూ అతనివైపే ఉన్నాయి, నావైపు లేవు. ఇంతకంటే పెద్ద కారణం కోసం చాలా వెతుక్కున్నాను. దొరకలేదు.

ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ అతని గొడుగు మెలిపడింది. నేను కింద బైనాక్యులర్స్‌తో చూస్తున్నాను. ఈసారి గొడుగు ఒకపక్కకి ఒరిగి గిరగిరా తిరుగుతోంది, ఎత్తు తొందరగా తరిగిపోతోంది. అతని కాళ్ళు గాలిని తన్నడం కనిపిస్తోంది. ఆగాడు. మళ్ళీ తన్నాడు. అతనికి వినపడదని తెలిసినా "లాగు బావా, లాగెయ్" అని అరుస్తూనే ఉన్నాను. చివరికి లాగాడు. రెండో గొడుగు బయటికొచ్చింది కానీ, అందులో గాలి నిండేంత ఎత్తు మిగల్లేదు.

రిపోర్టు నేనే రాశాను. "నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం" అని రాశాను. అబద్ధం కాదు. ఆ ఆలస్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయలేదు.

సమాధి చేసిన రోజు ఇంటినిండా ఒకటే మాట. ఆ పొద్దున అతని భార్య ఫోన్‌లో గొడవపడిందట, కృత్తివెన్నులో పుట్టింటికి వెళ్తానందట, అందుకే వాడి మనసు అక్కడ లేదట. వాళ్ళమ్మగారు ఏడుస్తూ అందరి ముందూ కోడల్ని అన్నారు. ఆ అమ్మాయి తలెత్తి నావైపు చూసింది. ఆ పొద్దున అతనితో ఉన్నది నేను. ఒక్క మాట చెప్పొచ్చు. నేను నేలవైపు చూస్తూ ఉండిపోయాను.

తర్వాత ఆరేళ్ళూ అలాగే ఉండిపోయాను.

మొన్న బందరు బస్టాండులో అతని భార్యే కనిపించి పలకరించింది. పాపతో అత్తగారింట్లోనే ఉంటూ స్కూల్లో టీచరుగా చేస్తోందట, ఆఫీసు పని మీద వచ్చిందట. కుశల ప్రశ్నలయ్యాక అడిగింది: "ఆ రోజు విమానం ఎక్కేముందు ఆయన కోపంగా ఉన్నారా అన్నయ్యగారూ? నిజం చెప్పండి."

"లేదమ్మా. నీతో పోట్లాడానని, సాయంత్రం ఫోన్ చేసి బతిమాలుకోవాలని నవ్వుతూ చెప్పాడు" అన్నాను. ఇక ఆపుకోలేకపోయాను. కూడికలో నేను అన్నదీ, పైన అతను తన్నుతూ ఉండిపోయిందీ, అంతా అక్కడే నిలబడి చెప్పేశాను.

ఆవిడ ఏడవలేదు. "ఇది నాకు కాదండీ, మా అత్తగారికి చెప్పండి. అవనిగడ్డ బస్సు ఇప్పుడే ఉంది" అంది.

చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డలో దిగి వాళ్ళ పల్లెకి వెళ్ళాం.

వాళ్ళత్తగారు వరండాలో కూర్చుని చాటలో మినుములు బాగుచేస్తున్నారు. ఎదురుగా పీటమీద కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెప్పాను. సగంలోనే ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"సరదాకి అన్నావనుకున్నాను బాబూ" అన్నారు.

"వాడు మాత్రం అలా అనుకోలేదండీ."

"ఆరేళ్ళూ దీన్ని మొహం మీదే అన్నాను. దీని మూలానే నా కొడుకు పోయాడని చర్చిలో కూడా చెప్పాను. నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలుసండీ."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడతారనే వెళ్ళాను. చాట పక్కన పెట్టి, కోడలివైపు తిరిగి, "అమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో" అన్నారు.

ఆ అమ్మాయి భుజాన బ్యాగుతో మెట్ల దగ్గరే నిలబడి ఉంది. "పాప స్కూల్నుంచి వచ్చే టైమైందండీ. ఏదైనా వండాలి" అని లోపలికి వెళ్ళిపోయింది.

క్షమించమని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆ పెద్దావిడ ఏదో ఒకటి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ కష్టం కూడా ఆవిడకి పెట్టడం ఇష్టంలేక, చెప్పులు వేసుకుని బయటికొచ్చాను.