గొళ్ళెం పిన్ని

గొళ్ళెం పిన్నికి ఉన్న జబ్బు ఒక్కటే. పెద్దాయన గది ముందుకొచ్చిన మనిషిని ప్రశ్న అడగందే వదలదు. జవాబు విన్నాక అసలే వదలదు.

అట్టపెట్టెల ఫ్యాక్టరీ యజమానికి ఆవిడ సెక్రటరీ. కుర్చీ సరిగ్గా ఆయన తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చునేది. అందుకే సేల్స్‌వాళ్ళంతా ఒళ్ళు మండి ఆ పేరు పెట్టారు. అందరిలోకీ ఎక్కువ మండినవాడు మంటలార్పే సిలిండర్లు అమ్మే సేల్స్‌మాన్. మండదూ మరి! ఈ ఆర్డరు తేకపోతే వచ్చే నెల నుంచి ఉద్యోగానికి రానక్కర్లేదని అతని పై అధికారి తెగేసి చెప్పాడు.

"సార్‌ని ఐదు నిమిషాలు కలవాలి మేడమ్."

"మీ సిలిండర్ని మా ప్యాకింగ్ ఆడవాళ్ళు ఎత్తగలరా?"

"కనుక్కుని చెప్తానండీ."

"సరే, కనుక్కునే రా నాయనా."

కనుక్కుని వచ్చాడు.

"మంచిది. అట్ట మంట పైకి ఆరినట్టుండి లోపల రాజుకుంటేనో?"

"అదీ... మా ఇంజనీరుని అడిగి..."

"అడిగి రా."

పళ్ళు నూరుకుంటూ వెళ్ళాడు. ఆ తర్వాత సిలిండర్లో పౌడరు గడ్డకడితే ఎలా తెలుస్తుందంది. ఇంకోసారి కంగారులో పిన్ను ఊడిరాకపోతే ఏం చెయ్యాలంది. ఈవిడగారేమైనా ఫైర్‌స్టేషన్ పెడుతోందా! ఇంట్లో భార్య "కూర ఇంకాస్త వెయ్యనా?" అనడిగినా "నువ్వూ ప్రశ్నలేనా!" అని ఎగిరిపడేవాడు. పాపం, ఆ ఇల్లాలు గరిటె పట్టుకుని బిక్కమొహం వేసేది.

నెలాఖరు వచ్చింది. ఆ రోజు పిన్ని నోరు తెరిచేలోపే అతనే అందుకున్నాడు.

"ఎత్తగలరు! లోపల రాజుకోకుండా నీళ్ళ సిలిండరు కూడా కొట్టాలి! గడ్డ సంగతీ తెలుసు, పిన్ను సంగతీ తెలుసు! ఇంకేం కావాలండీ మీకు, నా ప్రాణమా?"

ఆఫీసంతా తలలు తిప్పి చూసింది. పిన్ని నింపాదిగా లేచి కుర్చీ పక్కకు జరిపింది.

"ప్రాణం ఎందుకు నాయనా. లోపలికి వెళ్ళు."

లోపల పెద్దాయన తలెత్తకుండానే అడిగాడు. "మా ఆడవాళ్ళు ఎత్తగలరా?" తర్వాత అట్ట మంట, తర్వాత పౌడరు గడ్డ, తర్వాత పిన్ను. కోపం ఇంకా దిగని సేల్స్‌మాన్ జవాబులు టకటకా విసిరికొట్టాడు.

"నువ్వు నయమయ్యా," అంటూ పెద్దాయన ఆర్డరు మీద సంతకం పెట్టాడు. "కనుక్కుని చెప్తానన్నవాణ్ణి నేను మళ్ళీ ఈ గుమ్మం తొక్కనివ్వను."

సేల్స్‌మాన్ గిరుక్కున తలుపు వైపు తిరిగాడు. మొదటి రోజే ఈ గదిలోకి వచ్చి ఉంటే అతను అనేది ఆ మాటే.

బయటికొచ్చి పిన్ని మీద విరుచుకుపడ్డాడు. "ఇదేదో ముందే చెప్పొచ్చు కదండీ!"

"చెప్తే బట్టీపట్టి మర్చిపోయేవాడివి. ఒళ్ళు మండి నేర్చుకున్నావు కాబట్టి గుర్తున్నాయి," అందావిడ, మళ్ళీ కుర్చీ లాక్కుంటూ.

ఇన్నాళ్ళూ కూడబెట్టిన తిట్లన్నీ ఎవరి మీద ఖర్చుపెట్టాలో అతనికి పాలుపోలేదు. అంతలో బెంచీ మీద కూర్చున్న రంగుల కంపెనీ ఏజెంటు విసుగ్గా గొణిగాడు.

"ఈ ముసలిదానికి ఎంత పొగరండీ!"

సేల్స్‌మాన్ బ్యాగు కింద పడేసి చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఏమన్నావ్ మా పిన్నిని?"